ఆఖరి బంతి

మాఘమాసం వచ్చిందంటే రాజమండ్రిలో మా హాస్టల్ గదులు సాయంత్రానికి సగం ఖాళీ అయిపోయేవి. సినిమాలకు కాదు, షికార్లకూ కాదు. పెళ్లిళ్లలో వడ్డనకు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెడకో టై. గదికి రెండు జతలుంటే చాలు, వంతులు వేసుకుని వాడుకునేవాళ్లం. రాత్రికి నాలుగొందలో అయిదొందలో ఇచ్చేవారు, భోజనం పెట్టేవారు. ఆ డబ్బుతోనే పరీక్ష ఫీజులు కట్టాం, జిరాక్సులు తీయించుకున్నాం, పండక్కి ఇంటికెళ్తూ చెల్లెళ్లకు గాజులు కొన్నాం. మేమంతా మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం. అమ్మానాన్నల్ని ఫీజు అడగాలంటే నోరు రాని వాళ్లం.

పోలవరం సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగారు. చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాయడం పద్ధతి. అవి మాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. మేము మాత్రం అన్నం గురించి రాస్తాం. అన్నం అంటే ఆకలి సంగతి కాదు. పదిమందికి వండిన అన్నం పదిమందినీ ఆసుపత్రి పాలు చేయకుండా చూసే పని ఎవరిది, ఆ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోంది అనే సంగతి.

పెళ్లి భోజనాన్ని ముందు నుంచి చూసేవాళ్లు వేరు, వెనక నుంచి చూసేవాళ్లు వేరు. వెనక నుంచి చూస్తే అది తెల్లవారుజామున రెండింటికి మొదలవుతుంది. గాడిపొయ్యి తవ్వి కట్టెలు రాజేస్తారు. వంట మాస్టారు గుండిగల్లో ఎసరు పెట్టిస్తాడు. ముందుగా పులిహోరకు అన్నం వార్చి చాపల మీద ఆరబోస్తారు. తర్వాత కొబ్బరన్నం, గుమ్మడికాయ దప్పళం, పనసపొట్టు కూర, గుత్తివంకాయ. బూరెలు కాలేసరికి తెల్లారిపోతుంది. ఏడున్నరకల్లా వంటంతా దిగిపోవాలి, ఎందుకంటే మాస్టారు మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లికి వెళ్లాలి. ముహూర్తం పదింటికి. మొదటి బంతి పదకొండున్నరకు. మగపెళ్లివారు, పెద్దమనుషులు. రెండో బంతి చుట్టాలు. మూడోది ఊళ్లోవాళ్లు. ఆ తర్వాత మేళగాళ్లు, ఫోటోలవాళ్లు, కారు డ్రైవర్లు. అందరికంటే చివర వడ్డించిన మేము, గిన్నెలు తోమే ఆడవాళ్లు. బఫేలు వచ్చాక కూడా ఈ వరసేమీ మారలేదు. ఇదంతా అయ్యాక ఇంకా మిగిలింది బకెట్లలో మా పేటలకు వెళ్తుంది. అది మంచి మనసుతో ఇచ్చేదే, కాదనం. చిన్నప్పుడు ఆ బకెట్టు కోసం ఎదురుచూసిన వాళ్లమే మేమూను.

మా అమ్మ, పిన్ని గిన్నెలు తోమే బ్యాచ్‌లో ఉంటారు. ఒక్కోసారి ఒకే పెళ్లిలో మేము ముందువైపు వడ్డిస్తుంటే వాళ్లు వెనకవైపు బూడిద, పీచు పట్టుకుని కూర్చునేవారు. ఒకరినొకరం చూసుకోనట్టే ఉండేవాళ్లం. అలా ఎందుకుండేవాళ్లమో చదివేవాళ్లకు తెలుసు.

2022 వేసవిలో మా పోలవరం వైపే ఒక ఊళ్లో పెళ్లి. ఊరి పేరు అక్కర్లేదు. ఎండ మండిపోతోంది. మొదటి బంతి అనుకున్న వేళకే లేచింది. మేము కూర్చునేసరికి నాలుగు దాటింది. కొబ్బరన్నం పొద్దున్న ఏడింటికి దించింది, మూత వేసి తాటాకు పందిరి కింద ఉంది. గుండిగ పైన చల్లారింది గాని గరిటె లోపలికి పోతే ఇంకా గోరువెచ్చగానే తగిలింది. అందరం ఆకలి మీద తిన్నాం. సాయంత్రం ఆరింటికి మిగిలింది బకెట్లలో పేటకు వెళ్లింది. పేటలో కూలి పనుల నుంచి వచ్చినవాళ్లు ఎనిమిదింటికి తిన్నారు.

ఎనిమిది దాటాక మాలో ఇద్దరికి వాంతులు మొదలయ్యాయి. తొమ్మిదింటికి అమ్మకు, పిన్నికి. పదిన్నర, పదకొండుకు పేటంతా అదే. ఇంటికొకరు గోడ పట్టుకుని నిలబడ్డారు. నలభై మందికి పైనే. ఆటోల్లో కొందరిని, మోటారుసైకిళ్ల మీద కొందరిని దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. మా వీధి ముసలమ్మ ఒకామెను రాజమండ్రి పంపించాల్సి వచ్చింది. నాలుగు రోజులుండి ఇంటికొచ్చింది. మిగతావాళ్లు ఒక్క రోజులో తేరుకున్నారు.

వాంతులు తగ్గేసరికి మాటలు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఊళ్లో రెండు కారణాలు తేలిపోయాయి. ఒకటి, వడ్డించిన కుర్రాళ్లు హాస్టలువాళ్లు, వాళ్ల చేతులు ఎలాంటివో ఏమో. రెండు, పేటవాళ్ల బిందెలు, పేటవాళ్ల నీళ్లు. వంట కాంట్రాక్టు తీసుకున్నతను సంగతి తేలేదాకా మా కూలి డబ్బులు ఇవ్వనన్నాడు. ముప్పై వేళ్లు లెక్కబెట్టుకోండి, మా చేతులు ఎవరి చేతులకంటే మురికిగా ఉన్నాయో చూపించండి అని అడగాలనిపించింది. అడిగితే పని పోతుంది. ఆ చేతుల మాటకు శుభ్రతతో సంబంధం ఎంతో, ఇంకో దానితో సంబంధం ఎంతో మాకు తెలుసు. 2003 జనవరిలో మన రాష్ట్రంలో బడిపిల్లలకు వేడి మధ్యాహ్న భోజనం మొదలుపెట్టినప్పుడు కూడా కొన్నిచోట్ల వంటామె ఏ పేట నుంచి వచ్చిందన్నదే పెద్ద ప్రశ్న అయిందని మా అక్కలు చెప్పేవారు.

ఉదయం ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుగారు, ఒక హెల్త్ అసిస్టెంటు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త వచ్చారు. బడి వరండాలో బల్ల వేసుకున్నారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచి, ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకోండని ఇంటింటికీ చెప్పారు. అది అందరూ చేసే పనే. మాకు గుర్తుండిపోయింది ఆ హెల్త్ అసిస్టెంటు గారి కాగితం. నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయేది. ఆయన ఎవరినీ ఎవరు వండారని గాని, ఎవరు వడ్డించారని గాని అడగలేదు.

“ఏమ్మా, ఎన్ని గంటలకు తిన్నారు?”

“ఆయ్, మాకు టైములేటండీ, అందరూ లేచాక తిన్నాం.”

“అలాక్కాదమ్మా, ఎండ ఎక్కడుంది అప్పుడు? సరే, ఏమేం తిన్నారు? కొబ్బరన్నం తిన్నారా, తెల్లన్నమే తిన్నారా?”

ఇలా పడుకున్నవాళ్లనే కాదు, బాగున్నవాళ్లనూ అడిగారు. మొదటి బంతిలో కూర్చున్న పెద్దమనుషుల ఇళ్లకు కూడా వెళ్లారు. బాగున్నవాళ్లను అడగడం ఎందుకని మేము విస్తుపోయాం. మధ్యాహ్నానికి కాగితం మీద గళ్లు నిండాయి. మొదటి రెండు బంతుల్లో కొబ్బరన్నం తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. మూడో బంతిలో ఒకరిద్దరు. నాలుగు దాటాక తిన్నవాళ్లలో, పేటలో తిన్నవాళ్లలో కొబ్బరన్నం ముట్టినవాళ్లు దాదాపు అందరూ పడ్డారు. అదే పేటలో, అదే బిందె నీళ్లు తాగి, ఇంట్లో వండుకున్న అన్నం తిన్నవాళ్లు బాగానే ఉన్నారు. నీళ్లను చిన్న సీసాలో పట్టి ఉంచారు, మర్నాటికి నల్లబడలేదు. మొదటి బంతికి వడ్డించిందీ మేమే, ఆఖరి బంతికి వడ్డించిందీ మేమే. చేతులు అవే. మారింది గడియారం.

ఆ కాగితం పెళ్లివారి పెద్దాయనకు చూపించాక మా కూలి డబ్బులు మాకొచ్చాయి. మా జీవితంలో లెక్క అనేది మా తరపున మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత ఎమ్మెస్సీ మైక్రోబయాలజీకి దరఖాస్తు పెట్టింది అందుకే అని చెబితే కొంచెం గొప్పగా ఉంటుంది గాని, సీటు వచ్చింది అందులో. చేరాక మాత్రం మొదటి వారంలోనే ఆ కొబ్బరన్నాన్ని వెతుక్కున్నాం.

బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు ఇంట్లోకి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు మామూలు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, దీని స్పోర్లు చావవు. గట్టి గింజలా మూసుకుని కూర్చుంటాయి. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు. వంటవాడి చేతి మీద పుండు ఉంటే స్టఫైలోకాకస్ అనేది ఇంకో రకం. దాని విషం కూడా వేడికి లొంగదు, అదీ కొద్ది గంటల్లోనే వాంతులు తెప్పిస్తుంది. మా ఊళ్లో జరిగింది ఫలానాది అని ల్యాబు రుజువు ఏమీ లేదు. ఉన్నది ఆ కాగితం, తిన్న వేళ, వాంతి వేళ. అవి మొదటిదాని వైపే చూపిస్తున్నాయి.

పులిహోర అదే చాప మీద అదే అన్నంతో చేసింది, దాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. చింతపండు పులుపులో ఇవి తేలిగ్గా పెరగలేవు. మన పెద్దవాళ్లు ప్రయాణాలకు పులిహోర కట్టుకోవడం, గోదావరి వరదలప్పుడు పులిహోర పొట్లాలు పంచడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. 1986లో, 2022 జూలైలో వరదలొచ్చినప్పుడు పునరావాస కేంద్రాల్లో గంటల తరబడి పడవల మీద వెళ్లే తిండి అది. కొబ్బరన్నం, పెరుగన్నం, కూర కలిపిన అన్నం ఆ ప్రయాణానికి నిలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి ప్రచారం చేస్తున్న అయిదు సూత్రాల్లో ఒకటి ఇదే. వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగా ఉంచండి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచండి, మధ్యలో రెండు గంటలకు మించి వదలొద్దు. మా పెళ్లి కొబ్బరన్నం తొమ్మిది గంటలు మధ్యలోనే ఉంది, పేటకు వెళ్లింది పదమూడు గంటలు.

ఇప్పుడు సర్కారు సంగతి. రెండోరోజు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు గారు జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. శాంపిలు ఏదని అడిగారు. శాంపిలు లేదు. గిన్నెలన్నీ ముందురోజు సాయంత్రమే అద్దంలా తోమేశారు, తోమడమే కదా అమ్మ పని. తోమకపోతే కూలి ఇవ్వరు. ఆయన వంటచోటు చూసి, నీళ్ల తొట్టి చూసి, రాసుకుని వెళ్లారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఒక్కో అధికారి కింద ఎన్ని మండలాలుంటాయో, ఎన్ని హోటళ్లు, ఎన్ని కిరాణాలుంటాయో చూస్తే ఆయన వచ్చినందుకే సంతోషించాలి.

కానీ ఆలోచిస్తే చిక్కు ఇంకా లోతులో ఉంది. మన దగ్గర తిండి చట్టాలు పుట్టిందే కల్తీ మీద. మన గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1918లో వచ్చింది కల్తీ నివారణ చట్టం. 1954లో దేశమంతటికీ వచ్చిందీ ఆహార కల్తీ నిరోధక చట్టమే. పాలల్లో నీళ్లు, కారంలో ఇటుకపొడి, పప్పులో రంగు. దొంగ వ్యాపారిని పట్టుకోవడం. పాత చట్టంలో ఫుడ్ ఇన్‌స్పెక్టరు శాంపిలును మూడు భాగాలు చేసి సీలు వేసేవారు. ఒకటి పబ్లిక్ ఎనలిస్టుకు, రెండు స్థానిక ఆరోగ్య అధికారి దగ్గరకు. ల్యాబు నివేదికకు నలభై రోజుల గడువు. పాల శాంపిలు చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేసేవారు. కారం పొట్లానికి నలభై రోజులు ఓపిక ఉంటుంది. కొబ్బరన్నానికి ఉండదు. పెళ్లివారు ఎవరినీ మోసం చేయలేదు. మంచి బియ్యం, మంచి కొబ్బరి, మంచి నెయ్యి. కల్తీ లేని అన్నమే మమ్మల్ని పడగొట్టింది.

2006లో ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వచ్చి, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాక చూపు కొంత మారింది. శాంపిలు నాలుగు భాగాలయింది, నివేదికకు పద్నాలుగు రోజులు. వంటగది శుభ్రంగా లేకపోవడమే తప్పు అయింది, కల్తీ ఉండక్కర్లేదు. లోపాలు దిద్దుకోమని ముందు నోటీసు ఇవ్వొచ్చు, ప్రమాదం అనిపిస్తే వెంటనే మూయించొచ్చు. కొన్నవాడు కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు, తప్పని తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు. లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు. ఈసారి హోటలుకి వెళ్లినప్పుడు గోడ మీద ఉందేమో చూడండి.

మాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. 2011 నిబంధనల్లో చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ కింద బండివాళ్లతో పాటు మతపరమైన, సామాజికమైన కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్లను కూడా చేర్చారు. కేటరర్లు మాత్రం ఇందులోకి రారు, వాళ్లకు లైసెన్సే కావాలి. అంటే తిరునాళ్లలో అన్నదానం చేసే వారికీ చట్టం లెక్కలో ఒక గడి ఉంది. ఎంతమంది నింపుతున్నారో పక్కన పెడదాం. వండేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ జాతి జబ్బులకు టీకా ఉండాలని అదే నిబంధనల షెడ్యూలులో రాసి ఉంది. మేము నాలుగేళ్లు వడ్డించాం. ఒక్కరూ ఆ సర్టిఫికెట్ అడగలేదు, ఒక్కరూ టీకా వేయించలేదు. టై కట్టుకున్నామా లేదా అనే చూసేవారు.

అడగడం మొదలైతే ఏమవుతుందన్న భయమూ మాకుంది. దాన్ని దాచం. 1907లో న్యూయార్కులో మేరీ మాలన్ అనే వంటామెను పట్టుకున్నారు. ఐర్లండు నుంచి వలస వచ్చిన పేదరాలు. ఆమెకు జబ్బు లేదు, ఒంట్లో టైఫాయిడ్ సూక్ష్మజీవులు మాత్రం ఉన్నాయి. వండిన ఇళ్లల్లో జ్వరాలొచ్చాయి. ఒక దీవిలో ఆసుపత్రిలో పెట్టారు. 1910లో వదిలారు, వంట చేయొద్దని. వేరే పనిలో బతకలేక పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో మళ్లీ పట్టుకుని 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచారు. మొత్తం ఇరవయ్యారేళ్లు. అలాంటి వాహకులు ఊళ్లో ఇంకా చాలామంది తేలారు, వాళ్లనెవరినీ జీవితాంతం అలా ఉంచలేదు. టైఫాయిడ్ మేరీ అన్న పేరు మాత్రం ఈమెకే మిగిలింది. పాఠంలో ఇది చదివినప్పుడు మాకు అమ్మ గుర్తొచ్చింది. జ్వరమొచ్చినా పనికి వెళ్లే మనిషి. వెళ్లకపోతే ఆ రోజు కూలి లేదు, మళ్లీ పెళ్లికి పిలుస్తారన్న నమ్మకం లేదు. జ్వరమొస్తే రావొద్దని చెప్పే చట్టం, రాకపోయినా సగం కూలి ఇవ్వమని కాంట్రాక్టరుకు చెప్పదు. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట నిలవదని మా అభిప్రాయం. ఇందులో మాతో వాదించేవాళ్లు ఉంటే పెళ్లి సీజనులో ఒక్క రాత్రి మాతో రండి.

అన్నీ నిరాశే అనుకోవద్దు. మన పట్టిసంలో శివరాత్రి చూడండి. గోదావరి మధ్య దేవకూట కొండ మీద వీరభద్రస్వామి గుడి. రేవులో జనం, పడవల్లో జనం, ఇసుకలో జనం. చిన్నప్పటి నుంచి హాస్టల్ పిల్లలుగా మేము వాలంటీర్లుగా వెళ్లేవాళ్లం. ఆరోగ్య శాఖవాళ్లు తెల్లవారకముందే వచ్చి నీళ్ల ట్యాంకర్లు ఆపి క్లోరిన్ చూసేవారు. చిన్న గొట్టంలో నీళ్లు పోసి రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరగకపోతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగు లెక్కన కలిపి గంట ఆగమనేవారు. గంట ఆగమంటే జనం తిట్టేవారు. వాళ్లు తిట్లు తిని ఆపేవారు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఈగలు ముసిరిన జీళ్లు పారబోయించేవారు. పారబోయిస్తుంటే ఆ బండి ముసలాయన మొహం చూడలేకపోయేవాళ్లం. అది కూడా నిజమే. తిరునాళ్ల నుంచి కలరా ఊళ్లకు పాకిన రోజుల అనుభవం వల్లనే 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టంలో తిరునాళ్లు, ఉత్సవాల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టారు. మన జిల్లాల్లో ఈ పని అప్పటి నుంచీ ఉన్న పని. తిరునాళ్లకు ముందు నుంచే ఒక వరస ఉంటుంది. తేదీ తెలుసు, చోటు తెలుసు, ఎంత జనమో తెలుసు. పెళ్లికి అలా ఎవరూ చెప్పరు. పెళ్లిపత్రిక అందరికీ పంచుతారు, ఆరోగ్య కేంద్రానికి తప్ప.

హోటళ్ల సంగతి కొంచెమే చెప్తాం, అది పట్నంలో చాలామంది రాస్తున్నారు. 2024 అక్టోబరు చివర హైదరాబాదులో మోమోలు తిన్న ఒకామె చనిపోయాక తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1998 నుంచి తనిఖీలో వచ్చిన మార్కును ఏ, బీ, సీ అని అక్షరం రాసి హోటలు వాకిట్లోనే అతికిస్తారు. తినేవాడు చదువుకుని లోపలికి వెళ్తాడు. మన పోలవరం సెంటర్లో బజ్జీల బండికి అలాంటి అక్షరం అంటించే రోజు వస్తుందో రాదో గాని, న్యూస్‌పేపర్లో బజ్జీలు చుట్టొద్దని 2016 డిసెంబరులోనే కేంద్ర సంస్థ చెప్పింది. సిరా నూనెలోకి దిగుతుందని. మేము ఇప్పటికీ ఆ పేపర్లోనే చదివి, ఆ పేపర్లోనే తింటున్నాం.

మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఎవరూ పెద్దగా మాట్లాడని ఇంకో నిబంధన. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద 2019లో వచ్చింది. పెళ్లిలోనో హోటల్లోనో మిగిలింది పేదలకు ఇచ్చేటప్పుడు అది ఎంగిలి కాకూడదు, శుభ్రమైన మూత పాత్రల్లో తీసుకెళ్లాలి, ఏ పదార్థం, ఎవరిచ్చారు, ఎప్పటిలోగా తినాలి అన్నది తెలియాలి. బకెట్టుకు కూడా చీటీ ఉండాలన్నమాట. చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. మా పేటకు ఇన్నేళ్లుగా వచ్చిన బకెట్లలో ఒక్కదాని మీదైనా ‘పొద్దున్న ఏడింటికి దించింది’ అని రాసి ఉంటే అమ్మ దాన్ని గేదెకు కూడా పెట్టేది కాదు. దానం తీసుకునేవాడికి ఎప్పుడు వండారని అడిగే నోరు ఉండదు. అందుకే ఆ మాట కాగితం మీద ఉండాలి.

హాస్టల్ తమ్ముళ్లకు తెలిసిన సంగతులు రెండు గుర్తుచేస్తాం. 2013 జూలై 16న బీహారులో ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూడాలన్న మాట 2015 మధ్యాహ్న భోజన మార్గదర్శకాల్లో గట్టిగా రాశారు. మన హాస్టల్లో వార్డెన్ గారు ముందు తింటున్నారా అని చూసే హక్కు మీకుంది. కానీ రుచి చూడటం పురుగుమందును పట్టుకోవచ్చు గాని, కొబ్బరన్నంలో విషాన్ని పట్టుకోలేదు. దానికి రుచీ లేదు, వాసనా లేదు. దానికి గడియారమే కావాలి. పన్నెండుకు వండిన సాంబారు రాత్రికి కలిపేస్తుంటే అడగండి. వంట మనిషిని కాదు, ఆమె మీద పడితే లాభం లేదు. నలుగురు చేసే పని ఆమె ఒక్కతీ చేస్తోంది. ఎందుకు మిగిలింది, ఎంతమందికి లెక్క ఇచ్చారు, మూత ఉందా అని మెస్ కమిటీలో అడగండి. వండిన ప్రతి పూటా ఒక చిన్న స్టీలు డబ్బాలో కొంచెం తీసి ఫ్రిజ్‌లో ఒక రోజు దాచమనండి. రేపు ఏదైనా జరిగితే శాంపిలు ఏదని అడిగే ఆఫీసరుకు చూపించడానికి ఒకటి ఉంటుంది. మా పెళ్లిలో లేనిది అదే.

ఈ ఏడాది మాఘంలో అమ్మ కొత్త మాస్టారి బ్యాచ్‌లో చేరింది. చేరేముందు ఆయనతో మాట్లాడింది. గిన్నెలు తోమేవాళ్లకు అన్నం మొదటి బంతి అయిన వెంటనే పక్కన తీసి పెట్టాలని. ఆయన ముందు ససేమిరా అన్నాడు. మగపెళ్లివారి కంటే ముందా అని. మొదటి బంతి తర్వాతే కదండీ అంది అమ్మ. చివరికి తెల్లన్నం, పప్పు, పులిహోర వరకు ఒప్పుకున్నాడు. బూరెలు మాత్రం ఆఖరికేనన్నాడు. బూరెలు నూనెలో కాలినవి, అంతసేపు ఆగినా పర్వాలేదని మేము చెప్పాక అమ్మ సరేనంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో రాజమండ్రిలో మేము పదమూడేళ్లవాళ్లం, అన్నదాన పందిళ్లు ఎన్ని ఉండేవో లెక్కలేదు. ఈసారి పట్టిసీమ, పోలవరం రేవుల్లో పందిళ్లు వేసేవాళ్ల దగ్గరకు రిజిస్ట్రేషను కాగితాలు పట్టుకుని వెళ్లాలని మా గదిలో ఆరుగురం అనుకున్నాం. ఫారం నింపడం వాళ్లకు రాకపోతే మేమే నింపి పెడతాం. అందులో లేని ప్రశ్న ఒకటి మాత్రం నోటితో అడుగుతాం. రేవు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు భోజనం ఎన్ని గంటలకు?